ఎవరు, ఎవరితో: పిల్లల కథల్లో సంభాషణ



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇదివరకు ఛందస్సు గురించి, శాసనాల గురించి పెద్దలు మాట్లాడారు. నేనెంచుకున్న విషయం వాటి పక్కన చిన్నదిగానే కనబడుతుంది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు రాసే కథల్లో మనుషుల చేత మాట్లాడించడం ఎలా నేర్పాలన్నదే నా విషయం. మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్లూ స్కూలు వార్షికోత్సవానికి నాటకం తానే రాసి, వేషాలు తానే పంచేవారు. పాత్రకు తగని మాట రాస్తే ఆ వేషం కట్టిన కుర్రాడే "ఇది నేను అనను సార్" అని మొండికేసేవాడనీ, మాస్టారు అక్కడికక్కడే కొట్టేసి మార్చేవారనీ వారి శిష్యులు చెబుతారు. కాబట్టి ఈ విషయం ఆయనకు నచ్చేదేనని ధైర్యం చేస్తున్నాను.

మన తెలుగు వాచకాల్లో పాఠం చివర "సృజనాత్మకత" కింద తరచూ కనబడే ప్రశ్న ఒకటుంది: ఫలానా విషయం మీద ఇద్దరు మిత్రుల మధ్య సంభాషణ రాయండి. విషయం చెట్ల పెంపకం కావచ్చు, నీటి పొదుపు కావచ్చు, ప్లాస్టిక్ కావచ్చు. వచ్చే జవాబు మాత్రం ఏ జిల్లాలోనైనా ఇంచుమించు ఒకటే. "మిత్రమా! చెట్ల వల్ల లాభాలేమిటి?" "మిత్రమా! చెట్లు మనకు ప్రాణవాయువునిస్తాయి." "అలాగా మిత్రమా! చాలా మంచి విషయం చెప్పావు." పది వాక్యాలు, పది మిత్రమాలు. ఇద్దరి పేర్లూ తీసేస్తే అది వ్యాసం. పేర్లు పెట్టినా వ్యాసమే. ఇది రాసిన పిల్లలే పావుగంట క్రితం బోరింగు దగ్గర ఏమనుకున్నారో వినండి. "జరుగెహె." "నేను ముందొచ్చా." "సార్‌కి చెప్తా." "చెప్పుకోపో." నాలుగు మాటల్లో ఒక తగాదా, ఇద్దరు మనుషులు, ఒక బెదిరింపు, దాన్ని లెక్కచేయని ఒక మొండితనం. ఇంత తెలిసిన పిల్ల పెన్ను పట్టుకోగానే "మిత్రమా" ఎందుకంటుంది?

రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు గనక, అనేది ఒక సమాధానం. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, ఆయన పోయిన 1934లోనే వెలువడిన పుస్తకంలో, పిల్లలకు రాత ఎందుకంత కష్టమో వివరిస్తూ ఈ సంగతి చెప్పాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి ప్రశ్న, ముఖం, విసుగు మనల్ని ముందుకు నడిపిస్తాయి. కాగితం ఏమీ అడగదు, విసుక్కోదు. ఆ లోటంతా రాసేవాడే ఊహించి పూడ్చుకోవాలి. దీనికి మన బడి ఇంకొకటి కలిపింది. "మాట్లాడకండి, రాయండి" అంటాం. మాటా రాతా ఒకదానికొకటి శత్రువులని పిల్లలకు మొదటి ఏడే చెప్పేస్తాం. తర్వాత ఐదో తరగతిలో సంభాషణ రాయమంటాం.

సిద్దిపేట వైపు ఒక ఊరి బడిలో ఐదో తరగతి అమ్మాయి రాసిన కథ ఇది. మొత్తం కథ ఇంతే: "ఒకరోజు మా మేక తప్పిపోయింది. అమ్మ నన్ను తిట్టింది. నేను చాలా బాధపడ్డాను. తాత వెళ్లి మేకను తీసుకొచ్చాడు. అందరం సంతోషించాము." అక్షరదోషాల్లేవు. మామూలుగా అయితే ఒక టిక్కు పెట్టి, కింద "గుడ్" అని రాసి పుస్తకం తిప్పి ఇచ్చేస్తాం. ఆ బళ్లో టీచరమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "మీ అమ్మ ఏమని తిట్టింది?" ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "చెప్పమంటరా మేడమ్?" అని నడుము మీద చేతులు పెట్టుకుంది. తల్లి మాట, తన మాట, రెండు గొంతులూ తనే వినిపించింది.

"మ్యాకను సూస్కొమ్మంటె ఆటల వడ్డవానే? ఇప్పుడది యాడికి వొయిందో ఏమొ!"

"నేనేడ ఆడిన? నీళ్లకు వొయిన."

"నీళ్లకు వొయి పొద్దంత ఆడ్నే ఉంటరా ఎవలన్న?"

"పొద్దుగాల తాడు గట్టింది నువ్వే గద!"

తరగతి ఘొల్లుమంది. "అప్పుడు మీ అమ్మ ఏమన్నది?" అని టీచరు. "ఏమన్లే మేడమ్. తాతను వొమ్మన్నది."

ఇక్కడ జరిగిందేమిటో కొంచెం నిలబడి చూడాలి. మొదటి కథలో తప్పెవరిదో తెలియదు. తిట్టింది గనక పిల్లదే అనుకుంటాం. తాత ఎందుకు వెళ్లాడో అసలే తెలియదు, తాతలు వెళతారు గనక వెళ్లాడనుకుంటాం. నాలుగు మాటలు బయటికొచ్చేసరికి తాడు కట్టింది తల్లి అని తేలింది. ఆమెకూ అది తెలిసింది. ఒప్పుకోలేదు, తాతను పంపింది. కథలోని మలుపు అదే, ఆ మలుపు మాటల్లోనే ఉంది. "అమ్మ నన్ను తిట్టింది" అన్న వాక్యం దాన్ని మింగేసింది. సంభాషణ పెడితే కథ అందంగా ఉంటుంది, చదవడానికి సరదాగా ఉంటుంది అని మన శిక్షణా తరగతుల్లో చెబుతూంటారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. సంభాషణ లేకపోతే ఈ కథలో జరిగిన సంగతే తెలియదు.

ఆ నాలుగు మాటల్లో ఎక్కడా "అమ్మ అన్నది", "నేను అన్నాను" లేవు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో మీలో ఒక్కరూ తికమకపడలేదు. తెలుగు మనకు ఇచ్చిన సౌకర్యం ఇది. మనం ఎవరితో మాట్లాడుతున్నామో మన క్రియాపదమే చెప్పేస్తుంది. "వచ్చావట్రా" అంటే ఒకరు, "వచ్చావుటే" అంటే ఒకరు, "వచ్చారాండీ" అంటే ఒకరు, "వచ్చినవా బిడ్డా" అంటే ఒకరు, "వచ్చీసినావేటి" అంటే ఇంకొకరు. వయసు, వరస, చనువు, జిల్లా అన్నీ ఆ చివరి అక్షరాల్లో దిగిపోతాయి. అందుకని పిల్లలకు సంభాషణ నేర్పే టీచరు మొదట అడగాల్సింది "ఏమన్నాడు" అని కూడా కాదు, "ఎవరితో అన్నాడు" అని. ఎవరితోనో తేలితే ఏమన్నాడో సగం దానంతటదే వస్తుంది. "మిత్రమా" రాసిన పిల్లకు ఎవరితోనో తెలియదు. మనం చెప్పలేదు. ఆ మిత్రుడు చెల్లెలయితే, పక్కింటి బాబాయయితే, అప్పు తీసుకుని ఎగ్గొట్టిన క్లాస్‌మేటయితే ఆ జవాబే వేరుగా ఉండేది.

ఈ మధ్య కొన్ని వర్క్‌షాపుల్లో "అన్నాడు" బదులు వాడే క్రియల చార్టు గోడకు తగిలిస్తున్నారు. అరిచాడు, గొణిగాడు, ప్రశ్నించాడు, బదులిచ్చాడు, గర్జించాడు. ఇంగ్లీషు క్లాసులో అలవాటు ఇటు వచ్చింది. ఫలితంగా కిరాణా కొట్టాయన అరకిలో పంచదార తూస్తూ గర్జిస్తున్నాడు. నా మాట వింటే ఆ చార్టు తీసేయండి. అన్నాడు, అంది, అన్నారు చాలు. వాటిని చదివేవాడి కన్ను ఆగకుండా దాటిపోతుంది. అదే వాటి గుణం. గొణుగుడో అరుపో మాటలోనే వినిపించాలి.

దీనికి రెండోవైపు కూడా ఉంది. మనుషులు మాట్లాడిందంతా కొటేషన్లలో పెట్టక్కర్లేదు. రమ్మంది, పొమ్మన్నాడు, వద్దంది, తెమ్మన్నారు, సరేనన్నాడు. ఒక మనిషి మొత్తం మాటను ఒక్క క్రియలో ఇమిడ్చే వీలు మన భాషలో ఉంది. సంభాషణ రాయడం కొత్తగా పట్టుబడ్డ పిల్లలు పలకరింపుల దగ్గర్నుంచీ అన్నీ రాస్తారు. "బాగున్నావా?" "బాగున్నాను. నువ్వు బాగున్నావా?" "నేను కూడా బాగున్నాను." మూడు పేజీలైనా అసలు కథలోకి రారు. వాళ్లకు ఏది మింగాలో ఏది బయటికి రానివ్వాలో చూపించాలి. "అమ్మ పంచదార తెమ్మంది" అని ఊరుకుంటే సరిపోతుంది, కుర్రాడు మారుమాట్లాడకుండా తెస్తే. తేనన్నాడనుకోండి.

"ఆ కొట్టుకు నేను పోను."

"ఏం?"

"బాకీ తీర్చేదాకా మొహం చూపించొద్దన్నాడు. అందరి ముందూ అన్నాడు."

దీన్ని మింగకూడదు. మూడో వాక్యంలో కొట్టాయన మాటను కుర్రాడు ఎలా వాడుకున్నాడో చూడండి. ఆయన మాట ఈ అబ్బాయి మాటలోకి కలిసిపోయింది, కొటేషన్ లోపల ఇంకో కొటేషన్ అవసరం లేకుండా. దీన్ని ఎవరూ పాఠంగా చెప్పకుండానే పిల్లలు రోజంతా చేస్తుంటారు. "సార్ నిన్ను రమ్మంటున్నారు" అని కబురు మోసే ప్రతి పిల్లవాడికీ ఇది వచ్చు.

మన సాహిత్యంలోకి చూస్తే ఈ పని ఎలా చెయ్యాలో గురజాడ ఎప్పుడో చూపించి పెట్టాడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగి, మారి మళ్లీ వచ్చింది. హైస్కూలు పిల్లలకు నేను సూచించే అభ్యాసం ఒకటుంది. ఆ నాటకంలో రెండు పేజీలు తీసుకుని, ఎడమవైపు ఉండే పాత్రల పేర్ల మీద కాగితం పట్టీ అంటించి పిల్లలకివ్వండి. ఏ మాట ఎవరిదో గుర్తుపట్టమనండి. గిరీశాన్ని మొదటి వాక్యంలోనే పట్టేస్తారు, ఆ ఇంగ్లీషు ముక్కల వల్ల. మధురవాణిని పట్టడానికి కాస్త ఆలోచించాలి, ఎందుకంటే ఆమె ఎదుటివాణ్ణి బట్టి మాట మార్చుకుంటుంది. ఈ రెండో సంగతి పిల్లలు తమంతట తాము కనుక్కున్న రోజు ఆ తరగతికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆయన దిద్దుబాటు కథ, 1910 నాటిది, మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషి మాటతోనే మొదలవుతుంది. ఎంత రాత్రయిందో, లోపల ఎవరుండాలో, ఎవరు లేరో అన్నీ మాటల్లోంచే తెలుస్తాయి. కథంటే "అనగనగా ఒక ఊళ్లో" అనే మొదలవ్వాలనుకునే పిల్లలకు ఇది చదివి వినిపిస్తే చాలు. నాకు అనగనగా మీద కోపమేమీ లేదు. ఇంకో తలుపు కూడా ఉందని చెప్పడమే.

గురజాడకు ముందూ మన కథ ఒంటిగొంతుది కాదు. బుర్రకథలో కథకుడికి ఇటొకరు అటొకరు వంతలుంటారు. ఒకరు హాస్యానికి, ఒకరు లోకం పోకడ మీద వ్యాఖ్యకు. వాళ్లు అడ్డుపడి అడగకపోతే కథ సాగదు. హరికథలో ఆదిభట్ల నారాయణదాసు వంటివారు ఒక్కరే అన్ని పాత్రలూ అయ్యేవారు. ఇంట్లో అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది.

రేడియో గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల చేతనే కార్యక్రమాలు చేయించారు, 1945లో బాల పత్రిక మొదలుపెట్టి పిల్లల రాతల్ని అచ్చువేశారు. రేడియోలో ముఖం కనబడదు. ఎవరు మాట్లాడుతున్నారో, గదిలోకి ఎవరొచ్చారో, చేతిలో ఏముందో మాటలే చెప్పాలి. అందుకే రేడియో నాటకంలో పాత్రలు ఒకరినొకరు పేరు పెట్టో వరస పెట్టో ఎక్కువగా పిలుచుకుంటారు. దీన్ని తరగతిలో సులువుగా చేయొచ్చు. నలుగురు పిల్లలు తలుపు వెనక నిలబడి తాము రాసిన సంభాషణ చదువుతారు, మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని వింటారు. కథలో ఎంతమంది ఉన్నారు, ఎవరు పెద్ద, ఎవరికి కోపంగా ఉంది అని అడగండి. విన్నవాళ్లు చెప్పలేకపోతే రాసినవాడు దిద్దుకుంటాడు. మనం దిద్దనక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైన అభ్యాసం ఫోన్‌ది. ఇవాళ ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, ప్రతి పిల్లా అమ్మ ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కనే హోంవర్కు చేసుకుంటూ వింటుంది. వినబడేది ఒకవైపే. బోర్డు మీద ఆ ఒకవైపు రాస్తాం.

"ఆఁ, చెప్పు వదినా."

"ఎప్పుడు?"

"అయ్యో! మరి మీ తమ్ముడికి తెలుసా?"

"నేననలేదూ, అప్పుడే."

"వద్దొద్దు. ఇక్కడ పిల్లలున్నారు. మళ్లీ చేస్తా."

అవతలివైపు వదిన ఏమందో పిల్లలు రాయాలి. ఒకరు గొలుసు తాకట్టు పెట్టారని రాస్తారు. ఒకరు ఎవరో పెళ్లి వద్దన్నారని రాస్తారు. ఒకరు కొత్తగా కొన్న ఆటో గుద్దేశాడంటారు. కథ ఏదైనా "ఇక్కడ పిల్లలున్నారు" దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వుతారు, తమకు తగిలిన మాట గనక. అప్పుడు ఇంకో రెండు వాక్యాలు కలుపుతాం. ఫోన్ పెట్టేశాక ఇంట్లో పిల్ల "ఏమైందమ్మా?" అంటుంది. అమ్మ "ఏం లేదు, అన్నం తిను" అంటుంది.

ఈ "ఏం లేదు" దగ్గర తరగతిని కాసేపు ఆపండి. అమ్మ అబద్ధమాడిందా? పిల్లలకు తెలుసు, ఆడింది. ఎందుకాడింది? అదీ తెలుసు. పిల్ల నమ్మిందా? నమ్మలేదు. మరి అన్నం తిందా? తింది. పెద్ద రచయితల కథల మీద మనం కాలేజీలో రాసే వ్యాఖ్యానాల్లో ఉండేదంతా ఈ నాలుగు ప్రశ్నల్లో ఉంది. మనుషులు అనుకున్నదొకటి, అనేదొకటి. ఈ తేడాను కాగితం మీద పెట్టడమే సంభాషణ రాయడంలో కష్టమైన పని. మూడో తరగతి పిల్లలకు ఇది వచ్చు, దాన్ని ఏమంటారో తెలియదంతే. తెలియనక్కర్లేదు కూడా.

ఇక ఎర్రసిరా సంగతి. నా విన్నపం సూటిగా చెబుతాను. కొటేషన్ గుర్తుల బయట మీరు దిద్దుకోండి, లోపల దిద్దకండి. మేక కథలో "వొయిన" అన్న మాట కింద గీత గీసి "పోయాను" అని రాశామనుకోండి, తరవాతి కథలో మళ్లీ "అమ్మ నన్ను తిట్టింది" వస్తుంది. తను పలికే మాట తప్పయినప్పుడు అసలు పలకకపోవడమే మేలని ఆ పిల్ల తేల్చుకుంటుంది.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నాడు, పుస్తకాలు రాశాడు. తర్వాత తెలుగు పిల్లలకు కూడా వాళ్లు మాట్లాడే తెలుగులోనే చెప్పాలని జీవితమంతా పోరాడాడు. 1919లో అందుకోసమే తెలుగు అనే పత్రిక పెట్టాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు మన పిల్లలు మాతృభాష గొప్పతనం మీద రాసే వ్యాసాల్లో భాష ఎలాగుంటుందో మీకు తెలుసు, నేను చెప్పను. గిడుగు గెలిచాడు, వాచకాల్లోకి వ్యవహారం వచ్చింది. అయితే వచ్చిన వ్యవహారం కొన్ని జిల్లాల చదువుకున్నవాళ్ల ఇళ్లలోది. మిగతా జిల్లాల మాట చాలాకాలం సినిమాల్లో హాస్యగాడికీ విలన్‌కీ మిగిలింది. ఆ మాటను పుస్తకంలోకి తెచ్చిన రచయితలు తర్వాత వచ్చారు. విశాఖ వీధుల మాటతో రావిశాస్త్రి, చిల్లర దేవుళ్లుతో దాశరథి రంగాచార్య, చిత్తూరు పల్లె మాటతో నామిని, దర్గామిట్ట కతలతో ఖదీర్‌బాబు. నామిని అయితే ఇస్కూలు పిలకాయల కతే రాశాడు. ఇవి టీచర్ల గదిలో బీరువాలో ఉండాల్సిన పుస్తకాలు కావు. ఏరుకుని తరగతిలో గట్టిగా చదివి వినిపించాల్సినవి. తమ ఇంటి మాట అచ్చులో ఉండొచ్చని పిల్లలు చెవులతో వినాలి.

"అలా రాస్తే పరీక్షలో మార్కులు పోవా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొటేషన్ గుర్తు పొలం గట్టులాంటిది. గట్టుకు ఇటు పుస్తకం తెలుగు, అటు ఇంటి తెలుగు. కథ చెప్పే వాక్యాలు పుస్తకం తెలుగులో రాస్తూ, మధ్యలో గట్టు దాటి ఇంటి తెలుగులోకి వెళ్లి తిరిగి రావడం నేర్చిన పిల్లకు రెండు తెలుగులూ వేరువేరుగా తెలుస్తాయి. దేన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది. ఒక్క తెలుగే చాలన్న పిల్లకు అది రాదు. "వొయిన"కు స్పెల్లింగు ఏమిటి సార్ అని అడిగితే నీకెలా వినబడితే అలా రాయమనండి, పేజీ అంతా ఒకేలా రాయమనండి.

షికాగో విశ్వవిద్యాలయం వారి లాబొరేటరీ స్కూల్లో వివియన్ పేలీ అనే టీచరు కిండర్‌గార్టెన్ పిల్లలకు చెప్పేది. తరగతిలో టేప్‌రికార్డరు పెట్టుకుని, సాయంత్రం విని, తాను పగలు వినిపించుకోని మాటల్ని పట్టుకునేది. రాయడం రాని పిల్లలు కథ చెబుతుంటే ఆమె రాసేది. తర్వాత ఆ కథను తరగతి అంతా ఆడేది, కథ చెప్పిన పిల్లే ఎవరే వేషమో చెప్పేది. 1981లో వచ్చిన వాలీస్ స్టోరీస్ పుస్తకంలో ఈ పద్ధతి కళ్లకు కట్టినట్టుంటుంది. ఆటలో పెడితే సంభాషణ ఎందుకు పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఎలుగుబంటి వేషం వేసిన కుర్రాడు వచ్చి నిలబడి "నేనేమనాలి?" అంటాడు. కథ రాసిన పిల్ల అప్పటికప్పుడు మాట ఇవ్వాలి. మన బడుల్లో ఒకే టీచరు రెండు తరగతులు చూసుకునే చోట అందరి కథలూ కూర్చుని రాయడం కుదరదు. అలాంటిచోట ఏడో తరగతి వాళ్లను రెండో తరగతి పిల్లలకు లేఖకులుగా కూర్చోబెట్టొచ్చు. "చెప్పింది చెప్పినట్టు రాయి, నువ్వు దిద్దకు" అన్నదొక్కటే షరతు. ఏడో తరగతి పిల్లలకు ఆ షరతు పాటించడం చాలా కష్టం. అప్పటికే వాళ్లలో ఒక టీచరు తయారై ఉంటాడు.

కొటేషన్ లోపల దిద్దొద్దన్నాను గదా, దానికి ఎదురుదెబ్బ తగిలే చోటు కూడా చెప్పాలి. ఒక హైస్కూల్లో ఆరో తరగతి అబ్బాయి తమ మామిడితోట మీద కథ రాశాడు. అందులో పదేళ్ల కుర్రాడు, తోటకు కాపలా ఉండే ముసలాయన్ని "ఒరే, కాయలు కోసిపెట్టరా" అంటాడు. ముసలాయన "అట్టాగే బాబుగారూ" అంటాడు. ఆ కథ మీద ఇద్దరు టీచర్లు పోట్లాడుకున్నారు. ఒకరు "ఒరే" కొట్టేసి "తాతా" అని రాయించాలన్నారు. రెండోవారు ఉంచాలన్నారు. మొదటివారి బాధ నాకు అర్థమవుతుంది. అదే తరగతిలో ఆ ముసలాయన మనవరాళ్లలాంటి పిల్లలు కూర్చుని ఉంటారు.

నేను రెండోవారి పక్షమే. "తాతా" అని దిద్దితే కథ శుభ్రంగా ఉంటుంది, తోటలో మాత్రం రేపు కూడా "ఒరే" అనే వినబడుతుంది. అయితే ఉంచి ఊరుకోకూడదు. ఆ అబ్బాయిని పక్కకు పిలిచి, నలుగురిలో కాదు, అడగాలి. మీ తాతను నువ్వేమని పిలుస్తావు? ఈయన్ని ఏమని పిలిచావు? ఈయన వయసెంత ఉంటుంది? అడిగి, సమాధానం కోసం నిలబెట్టకుండా ఇంకో పని చెప్పాలి. ఆ రాత్రి ముసలాయన ఇంటికి వెళ్లి భార్యతో మాట్లాడతాడు గదా, ఈ పిల్లాడి గురించి ఏమని చెప్పుకుంటాడు, అక్కడ కూడా "బాబుగారు" అంటాడా? ఆ మాటలు రాయి. ఇది రాయాలంటే ఆ అబ్బాయి ఎప్పుడూ చూడని ఇంట్లో కూర్చుని వినాల్సి వస్తుంది. మనం ఇచ్చే ఏ నీతిబోధా చేయలేని పని అది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సంభాషణ రాయించడం మొదలుపెడితే ఇల్లు బడిలోకి వస్తుంది. తాగొచ్చిన నాన్న మాట, అప్పులవాడి మాట, చెప్పకూడని తిట్లు వస్తాయి. రాయనివ్వండి. గోడ పత్రికకు ఎక్కించే ముందు, గట్టిగా చదవబోయే ముందు మాత్రం ఆ పిల్లను అడగండి. వద్దంటే వద్దు. ఎందుకని అడక్కండి.

విదేశాల్లో వారాంతాల్లో మనబడి వంటి చోట్ల తెలుగు చెప్పేవారికి వేరే చిక్కుంది. అక్కడి పిల్లలు అమ్మమ్మ తెలుగులో అన్నదానికి ఇంగ్లీషులో జవాబిస్తారు. వాళ్ల కథల్లో అదే రాయనివ్వాలి. అమ్మమ్మ మాట తెలుగు, పిల్ల మాట తెలుగు లిపిలో ఇంగ్లీషు. "అన్నం తిన్నావా బంగారం?" "నాట్ హంగ్రీ, అమ్మమ్మా." ఆ పిల్లకు ఇది నిజమైన సంభాషణ. దీన్ని "నాకు ఆకలిగా లేదు" అని మార్పిస్తే మళ్లీ మిత్రమా దగ్గరికే వెళతాం.

చివరిగా మార్కుల గురించి. ఈ సభలో ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులు కొందరున్నారని నాకు తెలుసు. "ఇద్దరు మిత్రుల మధ్య సంభాషణ" అన్న ప్రశ్నను ఒక్కసారి పక్కన పెట్టండి. దాని బదులు ఇద్దరు మనుషుల్ని ఇవ్వండి, ఒకరికి ఏదో కావాలి, రెండోవారికి అది ఇవ్వడం ఇష్టం లేదు. ఆలస్యంగా ఇంటికొచ్చిన అన్న, తలుపు తీసిన చెల్లెలు. చిల్లర లేదంటున్న కండక్టరు, తరవాతి స్టాపులో దిగాల్సిన ముసలమ్మ. అరువు తెచ్చుకున్న పుస్తకం చింపినవాడు, దాని సొంతదారు. ఎనిమిది మాటలకు మించకూడదనండి. కొటేషన్ లోపల అక్షరదోషానికి మార్కు తీయమని దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో రాయకండి. ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ వేరువేరుగా వినబడితే మార్కులివ్వమనండి. వచ్చే పరీక్షకు ఇలాంటిది ఒక్కటి వేసి చూడండి. పేపర్లు దిద్దడానికి ఇప్పటికన్నా ఎక్కువసేపు పడుతుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు గనక. ఆ అదనపు గంటకు రెమ్యూనరేషన్ ఇవ్వరని కూడా నాకు తెలుసు.